దెయ్యానికి మాట్నీ పనికిరాదా?

ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్ళకి ఒక గట్టి నమ్మకం ఉంది. ఏడుపు సినిమా పొద్దున్నే చూడొచ్చు, యుద్ధం సినిమా భోజనం చేసి చూడొచ్చు, దెయ్యం సినిమా మాత్రం రాత్రి పన్నెండు కొడితే గాని చూడకూడదు. ఏ సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తమో మరి! కెనడాలో టొరంటో ఫెస్టివల్ వాళ్ళయితే 1988 నుంచీ ఈ ఆటలకి 'మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్' అని పేరే పెట్టేశారు. అంటే అర్ధరాత్రి పిచ్చి. అంత దూరం ఎందుకు, తిరువనంతపురంలో కేరళ ఫెస్టివల్ వాళ్ళు 2022లో ఒక ఇండోనేషియా దెయ్యం సినిమానీ, 2023లో 'ది ఎక్సార్సిస్ట్'నీ నిశాగంధి ఆరుబయలు థియేటర్లో అర్ధరాత్రే వేశారు. ఆరుబయలు గనక చీకటి పడాలి, నిజమే. డిసెంబర్లో ఏడు గంటలకి పడే చీకటి చాలలేదా?

"దెయ్యం సినిమా చూడకపోతే నీ కొంపేం మునిగిందే?" అని మా వదిన అడిగింది. మీరూ అడుగుతారు. చెబుతాను వినండి.

'ది బాబాదుక్' అని ఒక ఆస్ట్రేలియా సినిమా ఉంది. తీసింది జెన్నిఫర్ కెంట్ అనే ఆవిడ. నిండు చూలాలిగా ఉన్న భార్యని కానుపుకి ఆసుపత్రికి తీసుకువెడుతూ మొగుడు కారు ప్రమాదంలో పోతాడు. అంటే కొడుకు పుట్టినరోజూ, తండ్రి తద్దినమూ ఒకే రోజు! అందుకని ఆ తల్లి పిల్లాడి పుట్టినరోజు ఆ తేదీన చెయ్యదు. పగలంతా ముసలివాళ్ళ ఆశ్రమంలో చాకిరీ, రాత్రి పిల్లాడు నిద్రపోనివ్వడు. కన్నబిడ్డ మీద విసుగొచ్చిందని పైకి చెప్పుకోలేని ఆ మనిషి ఇంట్లోకి దెయ్యం రాకేం చేస్తుంది? పసిపిల్లల తల్లి ప్రతి ఒక్కతీ చూడాల్సిన కథ. 2014లో అమెరికాలో సన్‌డాన్స్ ఫెస్టివల్ వాళ్ళు దాన్ని వేసింది ఏ విభాగంలో అనుకున్నారు? అర్ధరాత్రి విభాగంలో! ఏ పిల్లల తల్లి వెళ్తుందండీ ఆ వేళప్పుడు?

'ది సబ్‌స్టాన్స్' సంగతీ అంతే. యాభై నిండగానే నువ్వింక పనికిరావు పొమ్మన్న ఒక టీవీ తార, మళ్ళీ పడుచుదనం కోసం సూదిమందు పొడుచుకోవడం కథ. కొరలీ ఫర్జా అనే ఫ్రెంచావిడ తీసింది. 2024లో కేన్స్ వాళ్ళు దాన్ని అసలు పోటీలోనే నిలబెట్టి, ఉత్తమ రచన బహుమతి ఇచ్చారు. టొరంటోకి వచ్చేసరికి మళ్ళీ అర్ధరాత్రి పిచ్చిలో పడింది. యాభై దాటిన మా కథ చూడాలంటే మేం పాతికేళ్ళ కుర్రాళ్ళలా జాగారం చెయ్యాలన్నమాట.

పోనీ ఇదేమైనా తాతలనాటి ఆచారమా? 1970 డిసెంబర్లో న్యూయార్క్‌లో ఎల్గిన్ అనే థియేటరువాళ్ళు 'ఎల్ తోపో' అనే వింత సినిమాని అర్ధరాత్రి ఆటగా వేశారు. కుర్రకారు ఎగబడ్డారు, నెలల తరబడి ఆడింది. వింత సినిమాలకి ఆ వేళ ఖాయమవడం అప్పట్నించే మొదలైంది. వ్యాపారానికి కుదిరిన వేళ కాస్తా శాస్త్రమై కూర్చుంది. స్పెయిన్‌లో సిట్జెస్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో 1968 నుంచీ అచ్చంగా ఇలాంటి సినిమాలకే ఒక ఫెస్టివల్ జరుగుతోంది. అక్కడ పొద్దుటి ఆటలూ ఉంటాయి. దెయ్యాలేమీ అలగలేదు.

పంతం కొద్దీ వదినని లాక్కుని ఒక ఫెస్టివల్లో అర్ధరాత్రి ఆటకి వెళ్ళాను. (ఊరి పేరు చెప్పను, మళ్ళీ వెళ్ళాలి కదా!) హాలునిండా మగపిల్లలే. తెరమీద ఒక తల్లి గొంతు పోయేలా అరుస్తుంటే వీళ్ళు ఈలలు. ఆట వదిలేసరికి రెండున్నర. ఉన్న ఒక్క ఆటో ఎక్కాం. ఆటో అబ్బాయి పాపం మంచివాడే, బేరం కూడా ఆడలేదు. అయినా దారి పొడవునా వదిన నా మోచెయ్యి వదిలితే ఒట్టు. సినిమాలో ఒక్కసారి కూడా పట్టుకోలేదు!

"ఆడవాళ్ళు జడుసుకుంటారండీ" అని సెలవిస్తారు కొందరు పెద్దమనుషులు. బాగుంది. దెయ్యం కథలు ఈ దేశంలో చెప్పిందెవరు? మా అమ్మమ్మ గోంగూర వలుస్తూ కొరివిదెయ్యం కథ చెప్పేది, పట్టపగలు. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి వెళ్ళకండి, దెయ్యం పడుతుంది అని కేకలేసేది కూడా ఆవిడే. మన దెయ్యాలకి మాట్నీ వేళ కూడా డ్యూటీయే మరి! "అర్ధరాత్రయితేనే భయం పుడుతుంది" అనేవాళ్ళకి ఒకటే మాట: తలుపులు మూసి దీపాలార్పితే హాల్లో రెండింటికీ అదే చీకటి, పన్నెండింటికీ అదే చీకటి.

వెనకటికి మన ఊళ్ళల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు, గుర్తుందా? పాపం ఆ దెయ్యం ఎంత మర్యాదస్తురాలో, చదువుకుని వెనక్కి వెళ్ళిపోయేదట. ఫెస్టివల్ వాళ్ళు మా కోసం హాలు తలుపు మీద రాసిందీ అదే. దెయ్యమైతే వెళ్ళిపోయింది గాని, డబ్బిచ్చి పాసు కొనుక్కున్న మేమెందుకు వెళ్ళాలి?

అర్ధరాత్రి ఆట తీసెయ్యమనడం లేదు, ఈలలు వేసుకునేవాళ్ళని వేసుకోనివ్వండి. అదే సినిమాని మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి ఇంకొక్కసారి వెయ్యండి. వంటిల్లు సర్దుకుని, పిల్లల్ని బడికి పంపి వస్తాం. అయిదున్నరకల్లా ఇంటికొచ్చి కాఫీ కలుపుకుంటాం. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే అది మా పూచీ.