నింద రొయ్యకు, దోషం పొరలది



ఒకప్పుడు పఫ్ అనగానే సాయంకాలపు బేకరీలో గాజు అరల వెనుక కనిపించే కర్రీ పఫ్, ఎగ్ పఫ్ మాత్రమే గుర్తుకు వచ్చేవి. నేడు రొయ్యలు, పీత మాంసం, చేప తురుము నింపిన చిన్న చిన్న పఫ్‌లు విందులలో భోజనానికి ముందు పళ్ళెములలో తిరుగుతున్నవి. ఓవెన్ ఉన్న ఇళ్ళలో వీటిని స్వయంగా చేసుకోవాలన్న ఉత్సాహం కూడా పెరిగినది. ఆ ఉత్సాహాన్ని నేను సమర్థిస్తాను. అందుకు రుచి ఒక్కటే కారణం కాదు. ఈ వంటకం విషయమున మనలో పాతుకుపోయిన ఒక అనవసర భయాన్నీ, ఒక ప్రమాదకర నిర్లక్ష్యాన్నీ ఒకేసారి సరిదిద్దుకునే అవకాశం ఇందులో ఉన్నది.

భయం రొయ్యను గురించి. నిర్లక్ష్యం దానిని చుట్టిన పొరలను గురించి.

రొయ్యపై మోపిన నేరం

సాగు రొయ్యల ఉత్పత్తిలో దేశానికే అగ్రస్థానమున నిలిచిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అయినప్పటికీ గుండెజబ్బు అన్న మాట వినగానే మన ఇళ్ళలో మొదట బహిష్కరణకు గురయ్యేది రొయ్యల ఇగురే. 100 గ్రాముల రొయ్యలలో సుమారు 150 నుంచి 190 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుందన్నది నిజమే. కాని రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడంలో ఆహారంలోని కొలెస్ట్రాల్ కంటె సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు చేసే హాని చాలా ఎక్కువ. రొయ్యలో ఈ రెండూ అత్యల్పం. మాంసకృత్తులు మాత్రం 100 గ్రాములకు 20 గ్రాముల వరకు లభిస్తాయి.

అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులకు మూడు వారాలపాటు రోజుకు 300 గ్రాముల రొయ్యలు పెట్టి చూశారు. చెడు కొలెస్ట్రాల్ సుమారు 7 శాతం పెరిగినది. మంచి కొలెస్ట్రాల్ సుమారు 12 శాతం పెరిగినది. ట్రైగ్లిజరైడ్లు సుమారు 13 శాతం తగ్గినవి. ఇది చిన్న అధ్యయనం, స్వల్పకాలికం కూడా. దీనిని చూపి వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ అధికంగా ఉన్నవారు ఇష్టం వచ్చినట్లు తినవచ్చునని చెప్పలేము. అయితే ఇందులో మనం గమనింపవలసిన మాట ఒకటి ఉన్నది. ఆ రొయ్యలు ఆవిరిపై ఉడికించినవి. వేపుడు నూనెలోనో, వనస్పతి పొరలలోనో మునిగినవి కావు.

పొరల లోపలి లెక్క

తాపేశ్వరం మడతకాజా ఎరిగిన తెలుగువారికి పొరల రహస్యం వివరించనక్కరలేదు. పిండిని పలుచగా ఒత్తి, మధ్యన కొవ్వు పరచి, మడిచి, మళ్ళీ ఒత్తడమే దాని కిటుకు. పఫ్‌లోనూ అంతే. మూడు మడతలు చొప్పున నాలుగుసార్లు వేస్తే 81 కొవ్వు పొరలు, ఆరుసార్లు వేస్తే 729 పొరలు ఏర్పడతాయి. ఓవెన్ వేడికి పిండిలోని నీరు, వెన్నలోని నీరు ఆవిరిగా మారి ఈ పొరలను పైకెత్తుతాయి. కొవ్వు పొరలను ఒకదానికొకటి అంటుకొనకుండా విడదీస్తుంది. అందువలన కొవ్వు లేని పఫ్ అనేది ఉండదు. ఏ కొవ్వు, ఎంత కొవ్వు అన్నవే మన చేతిలో ఉన్న ప్రశ్నలు.

వెన్న 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. మన వేసవిలో వంటగదిలోనే అది కారిపోతుంది. వేడికి త్వరగా కరగని వనస్పతి, బేకరీ మార్గరిన్ వంటి గట్టి కొవ్వులు వాడుకలోకి రావడానికి ధరతోపాటు ఇదీ ఒక కారణం. నూనెను పాక్షికంగా హైడ్రోజనీకరించి గట్టిపరచినప్పుడు ట్రాన్స్ కొవ్వు ఏర్పడుతుంది. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. డెన్మార్క్ 2003లోనే దీనిపై పరిమితి విధించినది. మన దేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2021 జనవరి నుంచి 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం మించరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిర్దేశించినది. ఇది హర్షణీయం. కాని ట్రాన్స్ కొవ్వు తగ్గినంత మాత్రాన పఫ్ పథ్యాహారం కాజాలదు. దాని స్థానంలో వాడే పామాయిల్ ఆధారిత కొవ్వులలో సంతృప్త కొవ్వు సగం వరకు ఉంటుంది. వెన్నలోనూ సగమే. విడిగా అమ్మే పఫ్‌కు చీటీ ఉండదు, పరిమాణం తెలియదు. ఇంట్లో చేసుకుంటే కనీసం తూచి వేసుకుంటాము.

ఇంట్లో చేసుకునే విధానం

16 చిన్న పఫ్‌లకు 250 గ్రాముల మైదా, 150 గ్రాముల ఉప్పులేని వెన్న, అర చెంచా ఉప్పు, ఒక చెంచా నిమ్మరసం, తగినంత చల్లని నీరు కావాలి. లోపలికి 300 గ్రాముల ఒలిచిన రొయ్యలు సరిపోతాయి. పిండిని కలిపి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పలుచగా ఒత్తి, చల్లని వెన్నను మధ్యన పరచి మూయండి. మూడు మడతలు వేసి ఒత్తినప్పుడల్లా 20 నిమిషాలు ఫ్రిజ్‌లో విశ్రాంతి ఇవ్వండి. నాలుగైదు పర్యాయాలు చాలు. వేసవిలో తెల్లవారుజామున చేయడం మేలు.

రొయ్యల వీపున ఉన్న నల్లని నరం తీసి, కడిగి, చిన్న ముక్కలుగా కోయండి. ఒక చెంచా నూనెలో ఉల్లి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, కరివేపాకుతో తడి పూర్తిగా ఇగిరేవరకు వేయించండి. సొరపుట్టు మాదిరిగా పొడిపొడిగా ఉండాలి. తడి మిగిలితే అడుగు పొర నాని ముద్దవుతుంది. మైదాలో ఉప్పు ఉన్నది గనుక కూరలో తగ్గించండి. కూరను వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, గంటలోపున ఫ్రిజ్‌లో చేర్చి, చల్లబడిన తరువాతనే నింపండి. పైన గుడ్డుసొన పూసి 200 డిగ్రీల వద్ద 20 నుంచి 25 నిమిషాలు, బంగారు రంగు వచ్చేవరకు కాల్చండి. నూనెలో వేయించవద్దు. అప్పటికే ఉన్న కొవ్వుకు మరింత కొవ్వు తోడవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కొక్క పఫ్‌లో 9 గ్రాములకు పైగా వెన్న ఉంటుంది. దాని ద్వారా చేరే సంతృప్త కొవ్వు దాదాపు 5 గ్రాములు. అదే పఫ్‌లో ఉన్న రొయ్యల నుంచి వచ్చే సంతృప్త కొవ్వు పావు గ్రాముకు కూడా చాలదు. రోజుకు 2,000 కేలరీలు తీసుకునే వ్యక్తి సంతృప్త కొవ్వును 22 గ్రాములకు మించనీయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాన్ని అనుసరించి చెప్పవచ్చును. రెండు పఫ్‌లతోనే అందులో సగానికి చేరువవుతాము. అసలు భోజనం ఇంకా మొదలు కాలేదు!

లోపల ఏమున్నదో పైకి కనిపించదు

కొవ్వు కీడు ఏళ్ళ తరువాత తెలుస్తుంది. కొన్ని ప్రమాదాలు మాత్రం నిమిషాలలో తలుపు తడతాయి. రొయ్య, పీతలకు సరిపడనివారు ఉంటారు. ఆ అసహనానికి ముఖ్య కారణమైన ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి ఉడికించినా నశించదు. ఇగురు గిన్నెలో రొయ్య కంటికి కనిపిస్తుంది. పఫ్‌లో కనిపించదు. కాబట్టి అతిథులకు పెట్టేటప్పుడు రొయ్యలవి త్రికోణంగానూ, కూరగాయలవి చతురస్రంగానూ చేసి, వేరు పళ్ళెములలో ఉంచి, ముందే చెప్పండి. తిన్నవారికి పెదవులు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా మాత్ర ఇచ్చి వేచి చూడవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

చేపతో చేసేవారికి మరొక హెచ్చరిక. కానాగంతలు, కవళ్ళు, ట్యూనా వంటి చేపలు మంచు లేకుండా నిలువ ఉంటే వాటి కండలో హిస్టమిన్ తయారవుతుంది. తరువాత ఎంత ఉడికించినా అది పోదు. ముఖం ఎర్రబడడం, తలనొప్పి, దడ, వాంతులు దాని లక్షణాలు. అట్లే వండిన కూరను చేతితో నింపుతూ గంటల తరబడి బల్లపై ఉంచితే, చేతి గాయాల నుంచి, ముక్కు నుంచి చేరే స్టఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి విషాన్ని విడుస్తుంది. ఓవెన్ వేడికి ఆ జీవి చచ్చినా దాని విషం మిగులుతుంది. చేతులు సబ్బుతో కడుక్కొని, కొద్దికొద్దిగా కూరను ఫ్రిజ్ నుంచి తీసి నింపండి. కాల్చిన పఫ్‌లను రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. మన ఎండాకాలంలో గంటే గడువు.

నా అభిప్రాయం

"ఇంత లెక్క ఉన్నప్పుడు అసలు మానివేయమని ఎందుకు చెప్పరు?" అని మీరు అడుగవచ్చును. పండుగపూట నిషేధాలు నిలువవని వైద్యులందరూ ఎరుగుదురు. ఇంట్లో నిషేధించిన వస్తువును బయట, ఏ కొవ్వుతో చేసినదో తెలియకుండా, రెట్టింపు పరిమాణంలో తినడం కంటె ఏడాదికి నాలుగైదుసార్లు ఇంటిల్లిపాదీ కూర్చుని, తూచి చేసుకుని, మనిషికి ఒకటో రెండో తినడం మేలు. పిండిని మడిచి, ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ మడిచే శ్రమలో సగం పూట గడిచిపోతుంది. ఆ శ్రమే మితానికి కాపలా.

గుండెకు స్టెంట్ పడినవారు, మధుమేహం ఉన్నవారు ఒక్కటితో ఆగి, ఆ పూట అన్నంలో నెయ్యి, వేపుడు మానుకోవాలి. మిగిలిన రోజులలో రొయ్యను పులుసులోనో, తక్కువ నూనె ఇగురులోనో తినండి. రొయ్యకు మీ వంటింటిలో మళ్ళీ చోటివ్వండి. దాని చుట్టూ కట్టిన కొవ్వు గోడను మాత్రం పండుగనాటికే పరిమితం చేయండి.