కెమెరా కబుర్లు: వెనుక గోడ, ముందు బంధువులు

గత నెల క్యాంటీనులో టీ తాగుతూ ఉండగా, మిల్లు విభాగంలో ఫిట్టరుగా పనిచేస్తున్న సోదరుడొకరు వచ్చి ప్రక్కన కూర్చున్నారు. ఈ శీర్షికను క్రమం తప్పక చదివే కొద్దిమందిలో ఆయన ఒకరు. "సార్, వచ్చే నెలలో మా అమ్మాయి నిశ్చితార్థం. క్వార్టరులోనే చేస్తున్నాము. హాలులో ఎంత వెనక్కి జరిగినా మావాళ్ళంతా కెమెరాలో పట్టడం లేదు. బోనసు డబ్బులో వచ్చే వైడ్ యాంగిల్ లెన్సు ఒకటి చెప్పండి" అన్నారు.

ఆయన వద్ద ఉన్నది క్యానన్ వారి పాత డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 మి.మీ. లెన్సు. ఇటువంటి జత మన టౌన్‌షిప్‌లో చాలా ఇళ్ళలో బీరువా పైన కనిపిస్తుంది. కనుక ఆయనకు చెప్పిన సమాధానాన్నే ఈ నెల శీర్షికగా వ్రాస్తున్నాను.

లెన్సు బేరమాడే ముందు టేపు తీయండి అన్నాను. (ఫిట్టరు గనుక టేపు జేబులోనే ఉంది.) లెక్క చాలా తేలిక. మనుషులకూ కెమెరాకూ మధ్య ఉన్న దూరాన్ని సెన్సారు వెడల్పుతో గుణించి, లెన్సు నాభ్యంతరంతో భాగిస్తే, ఫొటోలో ఎంత వెడల్పు పడుతుందో తేలిపోతుంది. క్యానన్ వారి ఈ తరగతి కెమెరాలలో సెన్సారు వెడల్పు 22.3 మి.మీ. ఆయన హాలు పొడవు 18 అడుగులు, వెడల్పు 11 అడుగులు. ఆయన బంధువులను పొడవాటి గోడ వెంట నిలబెట్టి, తాను ఎదుటి గోడకు వీపు ఆనించి తీస్తున్నారట. అంటే మధ్య దూరం 9 అడుగులు. 18 మి.మీ. వద్ద పట్టే వెడల్పు సుమారు 11 అడుగులు. మనిషికి అడుగున్నర చొప్పున వరుసకు ఏడుగురు. అదే 10 మి.మీ. లెన్సయితే 20 అడుగులు, పదముగ్గురు. ఇక్కడి వరకు ఆయన కోరిక న్యాయమైనదే.

అయితే గదిని తొంభై డిగ్రీలు త్రిప్పి చూడండి. బంధువులు పొట్టి గోడ వద్ద మూడు వరుసలుగా ఉంటారు: ముందు వారు చాపమీద, నడిమి వారు కుర్చీలలో, వెనుక వారు నిలబడి. కెమెరా ఎదుటి పొట్టి గోడ వద్ద. నడిమి వరుసకు 15 అడుగుల దూరం దొరుకుతుంది. ఇప్పుడు 18 మి.మీ. వద్ద పద్దెనిమిదిన్నర అడుగులు పడుతుంది. గోడ వెడల్పే 11 అడుగులు! లెన్సును 24 మి.మీ. వరకు జరిపినా ఇరవై ఒక్క మందీ హాయిగా పడతారు. ఖర్చు లేదు; సోఫాను వరండాలోకి మోయాలి, అంతే.

ఆయన ముఖంలో కొంత నిరాశ కనిపించింది. "అయినా 10 మి.మీ. చేతిలో ఉంటే ఈ దూరాల గొడవే ఉండదు కదా సార్" అన్నారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకొన్నాను.

కొన్నేళ్ళ క్రిందట మా విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన ఫోర్‌మన్ గారి పదవీ విరమణ సభ షిఫ్టు గదిలో జరిగింది. ఇరుకు గది, నలభై మంది. నేను ఒక మిత్రుని వద్ద 10 మి.మీ. లెన్సు ఎరువు తెచ్చుకొని, అందరినీ ఒకే ఫొటోలో పట్టించానని సంబరపడ్డాను. ఫోర్‌మన్ గారి భార్య కూడా వచ్చారు. అన్నేళ్ళలో ఆమె మా విభాగంలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. బిడియంతో ముందు వరుసలో చిట్టచివరి కుర్చీలో కూర్చున్నారు. నేను ఆ సంగతి గమనించలేదు. పటం కట్టించి ఇంటికి తీసుకొని వెళ్ళినప్పుడు ఫోర్‌మన్ గారు ఏమీ అనలేదు. ఆమె మాత్రం కొంతసేపు చూసి, "నేను ఇలా ఉంటానా బాబూ?" అని అడిగారు. ఆమె ముఖం అడ్డంగా సాగి, గుమ్మడిపండు వలె ఉంది. ఆ తరువాత వారింటికి రెండు మూడుసార్లు వెళ్ళాను. పటం గోడ మీద కనిపించలేదు.

దీనికి కారణం ఎరువు తెచ్చిన లెన్సు నాసిరకం కావడం కాదు. సరళ రేఖలను సరళంగానే చూపే ఏ వైడ్ యాంగిల్ లెన్సయినా అంచులను సాగదీసి తీరుతుంది. గోళాన్ని సమతలం మీద పరచే పటాలలో ధ్రువ ప్రాంతాలు సాగినట్లే. 10 మి.మీ. వద్ద, ప్రక్క అంచున ఉన్న మనిషి తల వెడల్పు ఇంచుమించు ఒకటిన్నర రెట్లవుతుంది. 18 మి.మీ. వద్ద ఆ పెరుగుదల నూటికి పద్దెనిమిది పాళ్ళు. పైన చెప్పినట్లు గదిని త్రిప్పి తీస్తే చివరి మనిషికి ఆరేడు పాళ్ళే, కంటికి ఆనదు. అయిదు రెట్లు ధర పెట్టి కొన్న లెన్సు కూడా ఈ రేఖాగణితాన్ని తప్పించుకోలేదు. తప్పనిసరై విశాలంగా తీయవలసి వస్తే పెద్దలను, పిల్లలను, పెళ్ళికూతురును మధ్యలో ఉంచి, అంచులకు తలుపునో పూలకుండీనో వదలండి.

మరి ఈ లెన్సు ఎవరికి? కట్టడాలను, పైకప్పులను, కొండలను చూడబోయే వారికి. మన సోదరుడు ఈసారి ఎల్.టి.సి. మీద పాలంపేట రామప్ప గుడికి కుటుంబంతో వెళుతున్నారని మాటల్లో తెలిసింది. 1213 నాటి ఆ ఆలయం 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. రంగమండపం నడుమ నిలిచి తల పైకెత్తితే కనిపించే పైకప్పు శిల్పం 18 మి.మీ. లెన్సుకు ముక్కలుగానే చిక్కుతుంది. లేపాక్షి మండపం కప్పు మీది చిత్రాల సంగతీ అంతే. వెనక్కి జరగడానికి అక్కడ నేలే అడ్డు!

ఆ పని కోసమయితే క్యానన్ వారు 2014లో తెచ్చిన 10-18 మి.మీ. ఎస్.టి.ఎం. లెన్సు చాలు. అంతకు పూర్వం, 2004లో వచ్చిన 10-22 లెన్సు కంటె సగం లోపు ధరకే అది వచ్చింది. బరువు 240 గ్రాములు. బిగించే చోట లోహం బదులు ప్లాస్టిక్కు. అందుకే కొందరు చిన్నచూపు చూస్తారు, నేను చూడను. ఎపర్చరు ఎఫ్ 4.5 నుండి మొదలవుతుంది గనుక చీకటి గదిలో కొంత వెనుకబడుతుంది. టోకినా వారి 11-16 మి.మీ. ఎఫ్ 2.8 లెన్సు రెండున్నర రెట్లు వెలుతురు ఇస్తుంది, నిజమే. కాని అది అర కిలో పైమాట, ధరా ఎక్కువే, పైగా చేతి వణుకును సర్దే ఏర్పాటు దానిలో లేదు. క్యానన్ లెన్సులో ఉంది. రాతి శిల్పం కదలదు. కదిలేది మన చెయ్యి. ముక్కాలి స్టాండుకు అనుమతులు అడగవలసిన చోట ఈ ఏర్పాటే అక్కరకు వస్తుంది.

నికాన్ కెమెరా ఉన్నవారికి దీనికి సాటి 2017లో వచ్చిన 10-20 మి.మీ. ఎ.ఎఫ్-పి. లెన్సు. ఇక్కడ ఒక గోతిని చూసుకొని నడవాలి: డి 3200, డి 5100 వంటి పాత కెమెరాలపై ఇది ఫోకసు కాదు, చేతితో త్రిప్పినా కాదు. కొనే ముందు మీ కెమెరా పేరు చెప్పి అడగండి. లెన్సు ముందు మరవలె బిగించే చవక వైడ్ కన్వర్టర్ల జోలికి మాత్రం పోవద్దు; అంచులన్నీ అలుక్కుపోతాయి.

రెండు కంపెనీలూ 2018 నుండి అద్దం లేని కొత్త కెమెరాలవైపు మళ్ళినందున, ఈ పాత లెన్సులు సెకండ్ హ్యాండుగా దొరుకుతున్నవి. చూసి తీసుకోవాలి. టార్చి వెలుగు ఒకవైపు నుండి పంపి మరోవైపు నుండి చూడండి. సాలెగూటి పోగుల వంటివి కనిపిస్తే ఫంగస్. సముద్రతీరపు ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ. తరువాత మీ కెమెరాకే బిగించి, ఇటుక గోడను ఎదురుగా నిలబడి 10 మి.మీ. వద్ద ఎఫ్ 8తో తీయండి. ఎడమ అంచు స్ఫుటంగా ఉండి కుడి అంచు మసకగా ఉంటే ఆ లెన్సు ఎప్పుడో క్రింద పడిందని అనుమానించవచ్చు. మర్యాదగా తిరిగి ఇచ్చివేయండి.

నిశ్చితార్థం మొన్న జరిగింది. ఫొటో తెచ్చి చూపారు. ఇరవై ముగ్గురు, మూడు వరుసలు, 22 మి.మీ. అంచున కూర్చున్న మేనత్తగారు మేనత్తగారిలాగే ఉన్నారు. రామప్ప ప్రయాణం డిసెంబరులో. 10-18 లెన్సు ఒకటి పట్టణంలో బేరానికి ఉందట. టార్చి తీసుకొని ఆదివారం ఇద్దరమూ వెళుతున్నాము.

వచ్చే సంచికలో ఫ్లాషు వెలుగును గోడకు కొట్టి తీయడం గురించి. మీ ప్రశ్నలను సంపాదకవర్గానికి పంపగలరు.