ముద్ర వేసిన చేతులే బెదిరిస్తే

హైదరాబాద్ శివారు మణికొండ జాగీరులో 1,654 ఎకరాల 32 గుంటల భూమి ఎవరిదో తేలడానికి పదహారేళ్లు పట్టింది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా కింద 1989 నాటి గెజెట్‌లో నమోదైంది 5,506 చదరపు గజాలు. 2006 మార్చి 13న వక్ఫ్ బోర్డు సవరణ ప్రకటన ఇచ్చి ఆ మొత్తం భూమినీ దర్గా పద్దులో చేర్చింది. అప్పటికే ప్రభుత్వం అందులో కొంత భాగాన్ని ఏపీఐఐసీ ద్వారా ల్యాంకో హిల్స్ సహా పలు సంస్థలకు ఇచ్చేసింది. ఆ ప్రకటనపై సర్కారు వేసిన పిటిషన్‌ను 2012లో హైకోర్టు కొట్టేసింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, భూమి ప్రభుత్వానిదేనని చెప్పింది. భూమి ఇచ్చింది ప్రభుత్వ సంస్థ. అది చెల్లదన్నది చట్టం కింద అదే ప్రభుత్వం ఏర్పాటు చేసిన బోర్డు. మధ్యలో నలిగింది నెలనెలా ఈఎంఐలు కడుతున్న ఫ్లాట్ల యజమానులు.

ప్రభుత్వాధికారంపై స్వేచ్ఛావాదుల అనుమానం ఇక్కడే మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. పాలకులందరూ చెడ్డవాళ్లని కాదు ఆ వాదన. పౌరుడికి పూచీ పడాల్సిన వ్యవస్థ తన మాటకు తానే కట్టుబడకపోతే, ఆ లోటును భయంతో పూడ్చుకోవడం మొదలుపెడుతుంది. తెలంగాణలో ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి విలువలో ఏడున్నర శాతం కట్టాలి. కోటి రూపాయల ఫ్లాటుకు ఏడున్నర లక్షలు. అయినా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. హక్కుకు సర్కారు పూచీ ఉండదు. అందుకే రేపు ఏ అధికారి వచ్చి ఇది చెల్లదన్నా కొన్నవాడి గుండె జారిపోతుంది. ఆ బెదురు మీదే రాజకీయం నడుస్తోంది.

లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) కథనే తీసుకోండి. 2020 ఆగస్టు చివర్లో అప్పటి టీఆర్‌ఎస్ ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసింది. వెంటనే జీవో 131 వచ్చింది. క్రమబద్ధీకరించుకోకపోతే రిజిస్ట్రేషన్ ఉండదు, ఇంటి అనుమతి రాదు, నీటి కనెక్షన్ ఇవ్వరు. జనం హడలిపోయి తలా వెయ్యి రూపాయలు కట్టి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టారు. అంతకుముందు 2007లోనూ, 2015లోనూ ఇలాంటి పథకాలే వచ్చాయి. ఆ లేఅవుట్లలోని ప్లాట్లను ఏళ్ల తరబడి రిజిస్టర్ చేసి సుంకం తీసుకున్నది సర్కారీ కార్యాలయాలే. 

ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్, రుసుము లేకుండా క్రమబద్ధీకరించాలని గట్టిగా కోరింది. 2023 డిసెంబరులో అధికారంలోకి వచ్చింది. 2024 మార్చిలో బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్ రోడ్డెక్కి, ఎల్ఆర్ఎస్ ఉచితంగా చేయాలని ధర్నాలు చేసింది. 2025లో కాంగ్రెస్ ప్రభుత్వం పాతిక శాతం రాయితీ ఇచ్చి ఫీజు వసూలుకు దిగింది. రెండు పార్టీలు కుర్చీలు మార్చుకున్నాయి, మాటలూ మార్చుకున్నాయి. ప్లాటు కొన్నవాడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. రాజకీయ నిజాయితీని కొలవాలంటే ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ వెతకనక్కర్లేదు.

చెరువుల సంగతికొస్తే, భయం కల్పితం కాదు. 2020 అక్టోబరు వరదలు చూసిన ఏ హైదరాబాదీకీ దాని గురించి చెప్పాల్సిన పనిలేదు. చెరువును పూడ్చినవాడు దిగువ బస్తీలోని ఇళ్లలోకి నీళ్లు పంపుతున్నాడు. స్వేచ్ఛ పేరుతో అతన్ని వెనకేసుకు రావడం కుదరదు. కానీ నిజమైన భయాన్ని వాడుకునే తీరునూ ప్రశ్నించాలి. 2024 జులై 19న జీవో 99తో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ పుట్టింది. ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట వద్ద ఎన్ కన్వెన్షన్ కూలింది. సెప్టెంబరు 22, ఆదివారం, అమీన్‌పూర్‌లో కూల్చివేతలు జరిగాయి. వారం తిరక్కముందే హైకోర్టు హైడ్రా కమిషనర్‌ను విచారణకు పిలిచింది. తహసీల్దారు చెబితే చార్మినార్‌నూ కూల్చేస్తారా అని న్యాయమూర్తి నిలదీశారు.

ఆ ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు, కూల్చే ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని దేశం మొత్తానికీ చెప్పింది. జలవనరుల్లోని ఆక్రమణలకు అందులో మినహాయింపు ఉంది. అందుకే చెరువు ఎక్కడిదాకా ఉందో ముందు తేలాలి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిలో చాలా చెరువుల పూర్తి నీటి మట్టం (ఎఫ్‌టీఎల్) హద్దులకు తుది నోటిఫికేషన్ రాకముందే జేసీబీలు కదిలాయి. గీత గీయకుండా గీత దాటావని శిక్షిస్తే అది చట్టబద్ధ పాలన కాదు.

అధికారంలో ఉన్నవాళ్లే భయపెడతారనీ లేదు. మణికొండలో స్థిరపడి, ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉంచుకున్న ఆంధ్ర కుటుంబాలకు 2024 మే ఎన్నికల ప్రచారం గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టంలో నిజమైన లోపాలుండేవి: వివాదాలు సివిల్ కోర్టుల పరిధి దాటి అధికారుల చేతుల్లోకి పోయేవి. దాన్ని గట్టిగా విమర్శించాల్సిందే. కానీ ప్రచారం అక్కడ ఆగలేదు. మీ భూమి లాగేసుకుంటారన్న మాటే ఇంటింటికీ చేరింది. జూన్‌లో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు నాయుడి తొలి సంతకాల్లో ఆ చట్టం రద్దు ఒకటి. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడాలన్న మంచి ఆలోచన కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది.

తెలుగువాళ్లకు ప్రభుత్వాధికారంపై ఈ అనుమానం అరువు సరుకు కాదు. సహకార సేద్యంపై 1959 నాగపూర్ కాంగ్రెస్ తీర్మానాన్ని ఎదిరించి బయటికొచ్చిన నిడుబ్రోలు నేత ఎన్.జి. రంగా, స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. రైతు తన మడిచెక్క మీద తన హక్కును వదులుకోకూడదన్నది ఆయన పట్టు. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. మిగిలిన రక్షణ 300ఏ అధికరణమే. మరోపక్క 2023 ఆగస్టులో మణికొండకు కూతవేటు దూరంలోని కోకాపేటలో హెచ్ఎండీఏ ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లకు అమ్మింది. భూమి అమ్మేదీ, అనుమతిచ్చేదీ, నోటీసు పంపేదీ ఒకే ప్రభుత్వమైనప్పుడు పౌరుడి పక్షాన ఎవరుంటారు?

కనీసం రెండు పనులు చేయాలి. తుది ఎఫ్‌టీఎల్ మ్యాపులు సర్వే నంబర్లతో సహా ప్రకటించాకే నోటీసులివ్వాలి. అనుమతిచ్చిన కట్టడాన్ని కూల్చాల్సి వస్తే, ఆ ఇంటి యజమానికి పరిహారం ముందు చెల్లించి, సంతకం చేసిన అధికారి నుంచి రాబట్టుకోవాలి.