మా గడ్డం మీద ఎవరి పెత్తనం?

మగవాడు మీసం మెలేస్తే పౌరుషం. ఆడదాని పెదవి మీద నూగు కాస్త ముదిరితే అవమానం. అత్తకు మీసాలుంటే మామ అయ్యేదని సామెత చెప్పుకుని నవ్వుకునే సమాజం మనది. ఎంతమంది ఆడపిల్లలు అద్దం ముందు ఏడుస్తున్నారో, ఎన్ని పెళ్లిచూపులు 'ముఖం మీద వెంట్రుకలున్నాయట' అన్న ఒక్క మాటతో ఆగిపోతున్నాయో ఎవరికీ పట్టదు. సున్నిపిండితో ఒళ్లు మండేలా రుద్దే ఇంటి పెద్దల నుంచి నేటి క్లినిక్‌ల దాకా అందరూ చెప్పేది ఒకటే: నీ ఒళ్లు తప్పు, దిద్దుకో.

నేను గడ్డం కింది వెంట్రుకలకు ఎలక్ట్రాలిసిస్ చేయించుకున్నాను. 'స్త్రీవాదివి గదా, నీకెందుకివన్నీ?' అని మిత్రులే అడిగారు. ఉంచుకోవడమా, తీయించుకోవడమా అన్నది నా ఇష్టం. రోజూ బస్సులో, ఆఫీసులో ఆ చూపులు భరించింది నేను. సంజాయిషీ ఇవ్వవలసింది నేను కాదు. ట్రాన్స్ మహిళలకైతే ఇది సోకు కాదు, వీధిలో దాడులకు గురికాకుండా బతకడానికి అవసరం. నా పోరాటం సూదితో కాదు, మన భయాన్ని సొమ్ము చేసుకునే వ్యాపారంతో.

ఈ చికిత్స అందం కోసం పుట్టింది కాదు. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఛార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, కంట్లో గుచ్చుకునే రెప్ప వెంట్రుకలను తొలగించడానికి దీన్ని వాడాడు. సన్నటి సూదిని వెంట్రుక కుదుట్లోకి దించి కరెంటు పంపుతారు. ఒక పద్ధతిలో అక్కడి ఉప్పు, తడి కలిసి క్షారంగా మారి కుదురును చంపుతాయి. మరో పద్ధతిలో వేడి ఆ పని చేస్తుంది. ఒక్కో వెంట్రుకకు ఒక్కో పోటు. అన్నీ ఒకే దశలో పెరగవు గనక నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా తిరగాలి. 'రెండు సిట్టింగుల్లో శాశ్వత పరిష్కారం' అని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే.

నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో అడిగిన మొదటి ప్రశ్న 'పెళ్లెప్పుడు?' అని. నెలసరి సరిగా వస్తోందా అని ఎవరూ అడగలేదు. గడ్డం మీద ముదురు వెంట్రుకలు రావడం చాలామందిలో పిసిఒఎస్ లక్షణం. దానితో మధుమేహం ముప్పు కూడా పెరుగుతుంది. వెంట్రుకలు ఉన్నట్టుండి వేగంగా పెరిగి, గొంతు బొంగురుపోతే అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో కణితి ఉండవచ్చు. హార్మోన్ల సంగతి చూడకుండా సూదులు పొడుస్తూ పోతే పాతవి పోయినా కొత్తవి వస్తూనే ఉంటాయి. రోగికి నష్టం, వ్యాపారికి లాభం.

అందం పేరిట ఆడవాళ్ల ఒంటి మీద ప్రయోగాలు కొత్త కాదు. 1920లలో అమెరికాలో 'ట్రైకో' యంత్రాలతో పార్లర్లలోనే ఎక్స్‌రేలు పెట్టి వెంట్రుకలు రాల్చారు. తర్వాతి కాలంలో ఎందరో స్త్రీలు పుండ్లతో, క్యాన్సర్‌తో బాధపడ్డారు. 1930ల తొలినాళ్లలో అమ్మిన 'కోరెమ్లూ' క్రీములో ఉన్నది అప్పట్లో ఎలుకల మందులో వాడిన థాలియం. దాన్ని రాసుకున్నవాళ్లకు నరాలు దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి.

అందుకే మనం అడగవలసినవి స్పష్టంగా అడగాలి. సూది వేసే ముందు ఆరోగ్య పరీక్ష జరగాలి. ప్రతి మనిషికీ కొత్త సూది వాడాలి. కాకపోతే హెపటైటిస్, హెచ్‌ఐవి ప్రమాదం ఉంది. చామనఛాయ, నల్లని చర్మం మీద మచ్చలు పడే అవకాశాన్ని, ఎన్నాళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో ముందే తెలుగులో రాసివ్వాలి. శిక్షణ లేనివాళ్లు సూది పట్టకూడదు. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు హైదరాబాద్‌లో ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వాన్ని, ప్రతి జిల్లా ఆసుపత్రిలో హార్మోన్ పరీక్షలు ఉచితంగా చేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇక ఇంట్లో మనం చేయవలసింది ఒకటుంది. పెదవి మీద నూగొచ్చిన పిల్లను చూసి నవ్వేవాళ్ల నోరు అక్కడికక్కడే మూయించాలి. తీయించుకుంటానంటే తోడు వెళ్లాలి. ఉంచుకుంటానంటే పక్కన నిలబడాలి.