కలమా, కంప్యూటరా?

విద్యాశాలలలో నేడొక వివాదము బయలుదేరినది. అధ్యాపకుడు పాఠము చెప్పుచుండగా విద్యార్థి దానిని నోటుపుస్తకములో చేతితో వ్రాసికొనవలెనా, లేక ఎదుట లాప్‌టాపు నుంచుకొని మీటలు నొక్కి యెక్కించుకొనవలెనా? కలము పట్టిననేమి, మీట నొక్కిననేమి, పాఠము దక్కిన చాలునని పలువు రనుచున్నారు. నిజమే, దక్కినచో చాలును. దేనివలన దక్కుచున్నదో, దేనివలన చేజారుచున్నదో విచారింపవలసియున్నది.

అమెరికాలో ముల్లరు, ఓపెన్‌హైమరు అను నిరువురు మనశ్శాస్త్రజ్ఞులు 2014వ సంవత్సరమున ఈ విషయమై యొక పరిశోధనమును ప్రకటించిరి. విద్యార్థులకు కొన్ని యుపన్యాసములను వినిపించి, కొందరిచేత కలముతోను, కొందరిచేత లాప్‌టాపుతోను నోట్సు వ్రాయించి, పిదప ప్రశ్నలిచ్చిరి. లాప్‌టాపు పట్టినవారు ఎక్కువ మాటలు వ్రాసిరి. ఉపన్యాసకుని మాటలనే యథాతథముగా దించిరి. విన్న సంగతులను జ్ఞప్తికి తెచ్చుకొనుటలో ఇరుపక్షములవారును ఇంచుమించు సమానులే. కాని భావమును గ్రహించి చెప్పవలసిన ప్రశ్నలయందు లాప్‌టాపు పక్షము వెనుకబడినది. మాటకు మాట దించవలదని ముందుగా హెచ్చరించినను ఆ యలవాటు వారిని వదలలేదు.

ఒక పక్షము వాదము విని తీర్పు చెప్పుట న్యాయము కాదు. ఇదే ప్రయోగమును ఇతరులు మరల చేసి 2019లోను, 2021లోను ఫలితములను వెల్లడించిరి. మార్కులలో స్పష్టమైన భేదము వారికి కానరాలేదు. కావున కలములో నేదో మహిమ కలదని చాటుట సాహసమగును. అయితే లాప్‌టాపు మీద మరియొక యభియోగము కలదు. తరగతిలో దానిని తెరచి ఇతర వ్యాపకములలో పడిన విద్యార్థి తాను చెడుటయేగాక, ఆ తెర కంటబడు ప్రక్కవారి చదువును గూడ చెరచుచున్నాడని కెనడా పండితులు 2013లో నిరూపించిరి. అమెరికాలోని వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయమున, అర్థశాస్త్ర తరగతులలో కంప్యూటర్లను అనుమతించినచోట తుది పరీక్షలో మార్కులు తగ్గినవని 2017లో ప్రకటితమైన మరియొక పరిశోధనము తెలుపుచున్నది.

కలమువలన మేలు కలుగునేని, ఆ మేలు దాని మందగతిలో నున్నది. నోటి వేగము నందుకొనుట చేతికి సాధ్యము కాదు. అందుచే వ్రాయువాడు ఏది ముఖ్యమో, ఏది కాదో క్షణక్షణమును నిర్ణయించుకొనక తప్పదు. ఆ నిర్ణయమే చదువు. న్యాయస్థానములలో నిది నిత్యానుభవము. 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడు, 18వ ఆర్డరు, 8వ రూలు ప్రకారము, సాక్ష్యమును తాను వ్రాయకయు, తాను చెప్పి వ్రాయింపకయు, యంత్రముచే నమోదు చేయింపకయు నున్న న్యాయాధిపతి, సాక్షి చెప్పుచుండగనే దాని సారాంశమును వ్రాసి సంతకము చేయవలెను. సారాంశము వ్రాయవలసినవాడు చెవియొగ్గి వినక తప్పదు గదా! షార్టుహాండు గుమాస్తా ప్రతి మాటను పట్టును. వ్యాజ్యములోని మర్మము నతని నడిగిన చెప్పలేడు. మూడు మాటలు గుర్తు వేసికొన్న వకీలు ఆ మూడింటిమీదనే వాదము నిలుపును.

ఇంతవరకు చదివి, మన కళాశాలలలో నోటుపుస్తకములే యెక్కువ గనుక మనకు భయము లేదని సంతోషించువారు తొందరపడవలదు. మన తరగతులలో జరుగుచున్న దేమి? అధ్యాపకుడు ఏండ్లనాటి కాగితములను చేతబట్టి వాక్యము వెంట వాక్యము చెప్పును. అరువదిమంది తల లెత్తక వ్రాయుదురు. కామా యెక్కడ, ఫుల్‌స్టాపు ఎక్కడ యని గూడ చెప్పించుకొందురు. ప్రశ్న అడుగువాడు తోటివారికి ఆలస్యము చేయువాడగును. చేతిలో కలమున్నను అచట జరుగునది గుమాస్తా పనియే. అమెరికా విద్యార్థిని మీటలు చెరచినవని వాపోవు మనము, మన విద్యార్థిని కలముతోనే చెరచుచున్నాము. పరదేశ ప్రభుత్వమునకు గుమాస్తాలు కావలసియుండిరి. వారికి తగిన చదువును వారు పెట్టిరి. 1947లో ఆ ప్రభుత్వము వెడలినది. డిక్టేషను మాత్రము వెడలలేదు. దీనిని సాగనంపక లాప్‌టాపులను నిషేధించుట వలన ప్రయోజనము స్వల్పము.

తెలుగు విద్యార్థికి ఇందు మరియొక విశేషము కలదు. అతడు పలుచోట్ల ఇంగ్లీషున పాఠము వినును, తెలుగున ఆలోచించును. కలము పట్టినవానికి అంచున రెండు తెలుగు మాటలు వ్రాసికొనుటకు, ఒక బాణము గీయుటకు, ఒక పటము వేయుటకు అడ్డులేదు. ఆ రెండు మాటలే పాఠమును అతని సొత్తుగా చేయును. లాప్‌టాపున గూడ తెలుగు వ్రాయవచ్చును. కాని మీటలపై నున్నవి ఇంగ్లీషు అక్షరములు, అభ్యాసము చేసినవారు కొందరే. తక్కినవారు పూర్తిగా ఇంగ్లీషునకు దిగుదురు, లేదా తెలుగు మాటలనే ఇంగ్లీషు లిపిలో వ్రాయుదురు. చేతికి దూరమైన లిపి కంటికిని దూరమగుటకు ఎంతో కాలము పట్టదు. గాంధీ మహాత్ముడు చిన్ననాట చేతివ్రాతను అలక్ష్యము చేసినందుకు ఆత్మకథలో విచారించి, చెడ్డ వ్రాతను అసంపూర్ణ విద్యకు గురుతుగా నెంచవలెనని హితవు పలికెను.

యంత్రమును ద్వేషింపుమని మేము చెప్పుట లేదు. కన్నులు లేనివారికి, చేయి స్వాధీనము లేనివారికి అది వరము. వారికి దానిని నిరాకరించుట అన్యాయము. గ్రంథములను వెదకుటకు, వ్రాసినదానిని భద్రపరచుటకు దానికి సాటి లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులను పంచినది. ఇటువంటి సాధనములను పంచునపుడు వానిని ఏ వేళ తెరవవలెనో, ఏ వేళ మూయవలెనో నేర్పుట గూడ పంచినవారి బాధ్యతయే. అది నేర్పని దానము సగము దానము.

చేయవలసినది కష్టసాధ్యము కాదు. అధ్యాపకులు డిక్టేషను మానవలెను. చెప్పదలచిన నోట్సును అచ్చువేసి ముందే యిచ్చి, గంటను ప్రసంగమునకు, ప్రశ్నలకు వినియోగింపవలెను. గంట ముగియుటకు అయిదు నిమిషములు ముందు ఆగి, విన్న సారమును సొంత మాటలలో నాలుగు పంక్తులు వ్రాయింపవలెను. అవసరమున్నవారు దక్క తక్కినవారు పాఠము జరుగునంతసేపు తెరలను మూసియుంచవలెను. విద్యార్థి ఆ సాయంకాలమే నోట్సును మూసి, జ్ఞప్తి నున్నదానిని తెలుగున నొక పుట వ్రాసి చూచుకొనవలెను. వ్రాయగలిగినంత మేరకే అతడు చదివినవాడు. తల్లిదండ్రులు పుస్తకము నిండినదా యని యడుగుట మాని, ఈనాటి పాఠమేమో చెప్పుమని యడిగిన నాడు కలమునకును, కంప్యూటరునకును గల తగవు సగము తీరును.