ప్రైవేటు పరీక్షార్థులును మన పాఠశాలయును

"ఫలానావారి పిల్ల పదవ తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టినదట" యను మాటను మన వరికుంటపాటి ప్రాంతమున గొంతు తగ్గించి పలుకుట వాడుక. ఏదో తప్పుచేసి పట్టుబడినవారిని గూర్చి చెప్పుకొన్నట్లుండును. బడికి సక్రమముగా వచ్చినవారే పరీక్షకు అర్హులనియు, తక్కినవారిని దయదలచి కూర్చుండనిచ్చుచున్నారనియు తలిదండ్రులలో పలువురి తలంపు. ఉపాధ్యాయులలోను ఈ భావము లేకపోలేదు. ఇది సరికాదని మా నమ్మకము. పరీక్షకు కూర్చుండుట యొకరిచ్చు వరము కాదు. నియమముల ప్రకారము అడిగి పుచ్చుకొనదగిన అధికారము.

అట్లు కట్టువారెవరు? వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురము మెట్టసీమలు. వాన చాలని యేట తలిదండ్రులు పనికై పరాయి తావులకు పోవుదురు. పిల్లలు వారివెంట పోవుదురు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేయు ఇండ్లలో చేతికంది వచ్చిన ఆడపిల్ల పనిలో కూర్చుండుట కలదు. చిన్నతనముననే పెండ్లియై పోయిన బాలికలును లేకపోలేదు. రెండు మూడేండ్లు గడచి చదువుమీద ఆశ మరల పుట్టినచో, పదునారేండ్ల పిల్ల పదమూడేండ్ల పిల్లల నడుమ బల్లమీద కూర్చుండజాలదు. సిగ్గు చిన్న విషయమని పెద్దలందురు. సిగ్గువలన మానిన చదువులు బీదరికమువలన మానిన చదువులకంటె తక్కువ కావేమో యని మాకు తోచుచున్నది.

ఇక చట్టము మాట. విద్య ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టు 1993లో తీర్పు చెప్పిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యెములో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో జరిగిన 86వ సవరణవలన రాజ్యాంగమున 21-ఎ అధికరణము చేరినది; 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి విద్యాహక్కు చట్టము అమలులోనికి వచ్చినది. అయితే ఈ హక్కు ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సువరకే. సరిగా మన పిల్లలు జారిపోవు వయస్సునొద్ద చట్టము చేయి విడుచుచున్నది! అటుపిమ్మట వారికి ఆధారము పరీక్షాసంస్థల నియమములు. 1989లో జాతీయ ఓపెన్ స్కూలును, 1991లో మన రాష్ట్రపు ఓపెన్ స్కూలు సంఘమును ఏర్పడినవి. పదునాలుగేండ్లు నిండి చదువను వ్రాయను వచ్చినవారు, పుట్టినతేదీకి ఆధారము చూపి, రాష్ట్ర ఓపెన్ స్కూలులో పదవ తరగతికి చేరవచ్చును. ఆ పత్రము మామూలు పదవ తరగతి పత్రముతో సమానము. ఇంటర్మీడియట్ బోర్డువారు సహితము ప్రయోగశాల పని లేని విభాగములలో, రుసుము కట్టినవారికి హాజరు మినహాయింపు నిచ్చుచున్నారు. మన బడులలో చదివి తప్పినవారు మరల తరగతులకు రాకయే పరీక్షకు కట్టవచ్చును; వారి దరఖాస్తు మాత్రము తాము చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుని చేతిమీదుగా పోవలయును. నియమ మున్నచోట దానిని పాటింపుమని యడుగుట బిచ్చమెత్తుట కాదు.

ఈ వాదము నేటిది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1857లో మెట్రిక్యులేషన్ పరీక్షను ప్రారంభించినపుడు పరీక్షయే కొలత. 1911 ప్రాంతమున యస్.యస్.యల్.సి. వచ్చినపుడు పాఠశాలలో తెచ్చుకొన్న మార్కులు సహితము పత్రమున కెక్కినవి. అందు మేలు లేకపోలేదు. పరీక్షనాటి జ్వరము సంవత్సరముల శ్రమను చెరుపజాలదు. కాని పత్రము బడి సొత్తువంటిదై, బడి విడిచిన పిల్లకు దూరమైనది. 2021లో కోవిడు జాడ్యమువలన పరీక్షలు రద్దైనపుడు ఈ చిక్కు మరల కనబడినది. బడి పిల్లలను లోపలి మార్కులనుబట్టి ఉత్తీర్ణులను చేసిరి. బడి మార్కులు లేని ప్రైవేటువారికై కేంద్ర సెకండరీ బోర్డువారు ఆగస్టు, సెప్టెంబరు మాసములలో వేరుగా పరీక్ష జరుపవలసివచ్చెను.

2018లో ఇంకొక సంగతి జరిగినది. ఓపెన్ స్కూలువారును, ప్రైవేటుగా చదివినవారును వైద్యవిద్యా ప్రవేశపరీక్షయగు నీట్‌కు కూర్చుండరాదని నిబంధన పెట్టగా, అది రాజ్యాంగవిరుద్ధమని ఢిల్లీ హైకోర్టు మే మాసమున కొట్టివేసినది. అందరికిని ఒకే ప్రశ్నపత్రము నిచ్చి కొలుచునపుడు, ఎక్కడ కూర్చుండి చదివితివని యడుగ నేల?

"ఇంత సులభమైనచో బడికి వచ్చువారెవరు?" అని మా సహోపాధ్యాయు లొకరు వాదించిరి. ప్రొద్దుననుండి పాటుపడినవారికిని, సాయంకాలము వచ్చినవారికిని ఒకే దేనార మిచ్చిన ద్రాక్షతోట యజమానునిపై సణిగిన కూలివారి వాదము కూడ ఇదియే. అయినను అందలి భయమును మేము త్రోసివేయము. బడిలో ఆట కలదు, స్నేహము కలదు, ప్రయోగశాల కలదు, మధ్యాహ్నభోజనమున గ్రుడ్డు కలదు; ఇవి ఏ పరీక్షయు నీయజాలదు. బడిలోనున్న పిల్ల బడిలోనే యుండవలయును.

కాని పిల్లలు తామై వెడలిపోవుటకంటె వెడలగొట్టబడుటయే మాకు ఎక్కువ భయము. నూటికి నూరు ఉత్తీర్ణతయను కీర్తికై, తొమ్మిదవ తరగతిలో మందముగానున్న పిల్లవాని తండ్రిని పిలిచి "టి.సి. తీసికొని ఓపెన్‌లో కట్టింపుడు" అని చెప్పు పాఠశాలలు కలవు. తప్పిపోయినవారికై తెరచిన తలుపును లోపలివారిని నెట్టుటకు వాడుట క్రూరము. నూరుగురు చేరి పదుగురు వెడలగొట్టబడి, మిగిలిన తొంబదిమందియు ఉత్తీర్ణులైనచో అది నూటికి తొంబదియే యని తలిదండ్రులు లెక్కవేయ నేర్వవలయును. ఊరిబడిలో కూర్చుండనీయని బిడ్డలకు అక్షరము నేర్పిన మిషను బడులకు ఈ యపకీర్తి మరింత తగదు.

తలిదండ్రులు ఎరుగవలసినవి మరి రెండు. ఎనిమిదవ తరగతివరకు టి.సి. ఇచ్చుటలో ఆలస్యము చేసిన ప్రధానోపాధ్యాయుడు క్రమశిక్షణ చర్యకు పాత్రుడని విద్యాహక్కు చట్టము 5వ సెక్షను చెప్పుచున్నది. బాకీయున్న రుసుమునకై దానిని పట్టియుంచుట న్యాయము కాదు. ఇక "వ్రాయకయే ప్యాసు చేయింతుము" అని సొమ్మడుగు దళారులను ఇంటిగడప దాటనీయకుడు. సొమ్మును, పిల్ల పేరును రెండును పోవును.

తప్పినవారి దరఖాస్తులను మన పాఠశాలయందు ఆలస్యములేక సంతకముచేసి పంపవలయుననియు, గడువుతేదీని బడి గోడమీదనే కాక దేవాలయముల యొద్దను, సంత దినములలోను తెలుపవలయుననియు, సాయంకాలము గంటసేపు గ్రంథాలయమును బయటి పరీక్షార్థులకు తెరచియుంచవలయుననియు మేము కోరుచున్నాము. ఓపెన్ స్కూలు తరగతులు సెలవుదినములలో జరుగుటవలన ఆదివారపు ఆరాధనకు అడ్డమగుచున్నవని కొందరు క్రైస్తవ తలిదండ్రులు చెప్పిరి. ఆనాటి తరగతిని ఆరాధన ముగిసిన పిమ్మట మొదలుపెట్టుడని కేంద్రమువారి నడుగవచ్చును. ఈ విషయములను రాబోవు ఉపాధ్యాయుల సభయందు తీర్మానముగా ప్రవేశపెట్టనున్నాము. తలిదండ్రులు తమ యభిప్రాయములను అంతకు ముందే వ్రాసి ప్రధానోపాధ్యాయులవారికి పంపవలయునని ప్రార్థించుచున్నాము.