సుల్తానుల పేరిట ఒక ప్రదర్శన

2015లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దక్కన్ సుల్తానుల కాలపు కళాఖండాలతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. బీజాపూర్, గోల్కొండ దర్బారుల నాటి చిత్రపటాలు, వజ్రాలు, బిద్రీ పాత్రలు, అద్దకపు వస్త్రాలు అక్కడ కొలువుదీరాయి. చూపరుల దృష్టి వజ్రాలపైకి మళ్లడం సహజం. అవి భూమిలో దొరికినవి. వస్త్రాలు మాత్రం మనుషులు చేసినవి.

ఆ మ్యూజియం సేకరణలో 17వ శతాబ్దపు గోల్కొండ సీమ కలంకారీ రుమాలు ఉంది. కానుకలపై కప్పే వస్త్రమది. దాని వెనుక ఎంత ఓర్పు! నూలుబట్టను కరక్కాయ రసంలో నానబెట్టాలి. కలంతో గీతలు గీయాలి. పటిక పూసిన చోట చిరివేరుతో ఎరుపు తేవాలి. నీలి అంటకూడని భాగాలను మైనంతో కప్పాలి. ప్రతి రంగుకూ మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. అయినా ప్రదర్శన సుల్తానుల పేరిటే జరిగింది. ఆ రుమాలుపై పనిచేసిన చేతుల పేర్లు ఏ చరిత్రకారుడూ రాసిపెట్టలేదు. ఈ లోటు న్యూయార్క్‌ది కాదు, మన దర్బారులదే.

అంతదూరం వెళ్లలేని మనకు హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. కుటుంబాలన్నీ గంట కొట్టే గడియారం ముందు గుమిగూడతాయి (పిల్లల సంబరం కాదనలేము). ఆ తర్వాత బిద్రీ పాత్రల వద్ద కాసేపు ఆగండి. ఆ నలుపు రంగు పూత కాదని పిల్లలకు చెప్పండి. బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపి రుద్దితే జింకు మిశ్రమలోహం నల్లబడుతుంది. అందులో పొదిగిన వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది.